మాస్టారి విగ్రహం బదులు ఒక పనిబల్ల: మా బడి కమిటీకి బహిరంగ లేఖ

పాఠశాల యాజమాన్య కమిటీ ఛైర్మన్ గారికి, సభ్యులకు, పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులకు,

నమస్కారం.

మాస్టారు పోయి నాలుగు నెలలైంది. సంతాప సభ రోజు బడి ఆవరణలో కూర్చున్నప్పుడు, ఆయన విగ్రహం పెడదామని ఎవరో అన్నారు. అందరం తలూపాం. నేనూ ఊపాను. చందా జాబితాలో నా పేరు కూడా ఉంది. పాత భవనం పడగొట్టి, గేటుకు ఎదురుగా దిమ్మె కట్టి, సెప్టెంబర్ 5న ఆవిష్కరిస్తారని మొన్న తెలిసింది. శిల్పికి పంపడానికి ఫొటో కావాలని సంఘం వాళ్లు నాకే ఫోన్ చేశారు. ఎలాంటి విగ్రహం అని అడిగితే అర్ధవిగ్రహం అన్నారు. తల, భుజాలు, మెడలో కండువా.

అంటే చేతులు ఉండవు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు పని చేయలేకపోయాను. మాస్టారి ముఖం కంటే ముందు నాకు గుర్తొచ్చేవి ఆయన చేతులు. కుడిచేతి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది, ఎప్పుడో సుత్తి దెబ్బకు. వేళ్ల సందుల్లో సుద్దపొడి, గోళ్ల కింద గ్రీజు. ఒకే చేతిలో ఆ తెలుపూ ఆ నలుపూ రెండూ ఉన్న మనిషిని అంతకు ముందు చూడలేదు, తర్వాత చాలా తక్కువమందిని చూశాను.

నేను అడిగేది ఒక్కటే. విగ్రహానికి పోగైన డబ్బుతో కొత్త భవనం పక్కన ఒక పనిగది వేయండి. అందులో గట్టి బల్ల ఉండాలి. గోడకు, పిల్లల చేతికి అందే ఎత్తులో, పనిముట్లు ఉండాలి. ఇది మీకు వింతగా అనిపించవచ్చు. ఇప్పటి కమిటీలో చాలామంది తల్లులు వేరే ఊళ్ల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు, తండ్రుల్లో కొందరు మాస్టారు రిటైరయ్యాక బడిలో చేరినవాళ్లు. వాళ్లు చూసింది అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేసే పెద్దాయనను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆయన ఉద్యోగం పేరు ఎస్.జి.బి.టి. సెకండరీ గ్రేడ్ బేసిక్ ట్రైన్డ్ టీచర్ అని. బదిలీ కాగితాల్లో ఆ నాలుగు అక్షరాలు ఎన్నిసార్లు చూసినా మధ్యలోని 'బేసిక్' అన్న మాట దగ్గర ఎవరూ ఆగరు. మాస్టారు ఆగేవారు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తలను పిలిచి సమావేశం పెట్టారు. అక్కడి తీర్మానాల మీద జాకిర్ హుస్సేన్ కమిటీ ఒక పథకం తయారు చేసింది. పిల్లలకు ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా మాతృభాషలో, ఒక చేతిపని చుట్టూ అల్లిన చదువు చెప్పాలని అందులో ఉంది. బేసిక్ విద్య అంటే అదే. ఆ పద్ధతికి టీచర్లను తయారు చేయడానికి పెట్టిన బేసిక్ ట్రైనింగ్ స్కూళ్లలో ఒకదాంట్లో 1950ల చివర్లో ఆయన చదివారు. అక్కడ నూలు వడకడం, వడ్రంగం నేర్చుకున్నారు. ఆయన వచ్చి పంచాయతీ సమితి బడిలో చేరేసరికి రాట్నాలు అటకెక్కాయి, చేతిపని పీరియడు టైంటేబుల్లో ఒక గడిగా మాత్రం మిగిలింది. "నన్ను తయారు చేసింది ఒక పనికి, నాకు అప్పగించింది ఇంకో పని" అని ఒకసారి అన్నారు. ఫిర్యాదుగా అనలేదు. ఆ గడిని మాత్రం వదల్లేదు.

మీరు పడగొట్టబోయే పాత భవనంలో, తూర్పు గది నుంచి పడమటి గది దాకా, పిల్లల నడుం ఎత్తున ఒక జేగురు గీత ఉంది. సున్నాల కింద చాలాచోట్ల మాసిపోయింది కానీ కిటికీల పక్కన ఇప్పటికీ కనబడుతుంది. అది 1990 వానాకాలంలో గీసిన గీత. నేను ఐదో తరగతి.

వాన పడితే తూర్పు గదిలో నీళ్లు నిలిచేవి. గచ్చు చూడ్డానికి బాగానే ఉండేది, వాలు కంటికి ఆనేది కాదు. మాస్టారు తాపీమేస్త్రీ దగ్గర తెల్లటి ప్లాస్టిక్ గొట్టం అరువు తెచ్చారు. అందులో నీళ్లు పోసి, బుడగలు లేకుండా చూసి, ఒక కొస నా చేతికి, ఇంకో కొస మరో పిల్లాడి చేతికి ఇచ్చారు. నేను తూర్పు గోడ దగ్గర, వాడు పడమటి గోడ దగ్గర. మధ్యలో గోడలు, ఒకరికొకరం కనబడం. నేను ఊరికే గొట్టం పైకెత్తాను. అటువైపు నీళ్లు పొంగి వాడి చొక్కా తడిసింది, గట్టిగా అరిచాడు. "వాడెందుకు అరిచాడో చెప్పండ్రా" అన్నారు మాస్టారు మిగతావాళ్లతో. ఆ రోజు సైన్సు పాఠం అదే.

నీళ్లు ఊగడం ఆగాక రెండు కొసల దగ్గరా గోడ మీద గీటు పెట్టాం. గది గదికీ అలాగే పెట్టుకుంటూ వచ్చాం. జేగురులో ముంచిన దారం గీటు నుంచి గీటుకు బిగలాగి కొట్టాం. అప్పుడు గీత నుంచి గచ్చు దాకా గజం గజానికీ కొలవమన్నారు. పడమటి మూల ముప్పై అంగుళాలు వచ్చింది, తూర్పు మూల ముప్పై రెండున్నర. కొలత తప్పేమో అని మళ్లీ కొలిచాం. మళ్లీ అంతే. అప్పుడు ఒక పిల్ల అంది, "గీత సరిగ్గానే ఉందండి, గచ్చే కిందికి పోయింది" అని. ఆ అంకెలన్నీ నల్లబల్ల మీద రాయించి సగటు కట్టించారు. మర్నాడు తూర్పు గుమ్మం పక్కన గచ్చు చెక్కి, చిన్న కాలువ తీసి నీళ్లు బయటికి పోయే దారి చేశాం. ఆ గదిలో మళ్లీ నీళ్లు నిలిచినట్టు నాకు గుర్తు లేదు.

ఆ భవనాన్ని ఉంచమని అడగడం లేదు. స్లాబులో ఇనుము బయటపడింది, దాని కింద పిల్లలను కూర్చోబెట్టకూడదు. మాస్టారు ఉంటే ముందు ఆయనే పడగొట్టమనేవారు. గీత కూడా పోతుంది, పోనివ్వండి. పడగొట్టే ముందు రోజు మాత్రం ఇప్పటి పిల్లల చేతికి గొట్టం ఇచ్చి, ముప్పై ఐదేళ్ల కిందటి పిల్లలు గీసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోనివ్వండి. గొట్టం నేను తెస్తాను. కొత్త గచ్చు పోసిన రోజు దాన్నీ అలాగే కొలవనివ్వండి. కాంట్రాక్టరు ఏమీ అనుకోడు, అనుకున్నా కొలవాల్సిందే.

1986 జాతీయ విద్యా విధానం వచ్చాక, 1987-88లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, తప్పనిసరిగా ఉండాల్సిన సామగ్రి ఇవ్వాలని దాని ఉద్దేశం. మన బడికీ ఒక ట్రంకుపెట్టె వచ్చింది. గ్లోబు, అయస్కాంతాలు, భూతద్దాలు, సైన్సు కిట్టు అందరికీ గుర్తుంటాయి. ఆ జాబితాలో చిన్న పనిముట్ల కిట్టు కూడా ఉందని ఎంతమందికి తెలుసు? ఢిల్లీలో కూర్చుని ఆ జాబితా రాసిన వాళ్లెవరో, పల్లె బడికి సుత్తీ స్క్రూడ్రైవరూ కావాలని అనుకున్నారు. నాకు వాళ్ల మీద ఇప్పటికీ గౌరవం.

చాలా బళ్లలో ఆ పెట్టెలకు వేసిన తాళం తీయలేదు. టీచర్లకు బద్ధకం అని తేలిగ్గా అనేస్తారు, అది న్యాయం కాదు. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టినవాడే ఆ వస్తువుకు జవాబు చెప్పాలి. భూతద్దం పగిలితే ఎవరు కడతారు? తాళం వేసి ఉంచితే ఏ గొడవా లేదు. మాస్టారు ఆ పెట్టె వచ్చిన రోజే తెరిచారు. విరిగినదాని పక్కన రిజిస్టరులో "వాడకంలో విరిగినది" అని రాసి తేదీ వేసేవారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ పేజీ చూసి ఇన్ని విరిగాయేమిటని కోప్పడ్డారు. మేం కిటికీలోంచి వింటున్నాం. మాస్టారు తల వంచుకుని నిలబడి, ఆయన ముగించాక, "పక్క పేజీలో బాగుచేసినవి ఉన్నాయండి" అన్నారు. ఆ పేజీ ఇంకా పొడుగ్గా ఉంది.

ఆయన రిపేరు చేసిన వస్తువులు చెప్పుకుంటూ పోతే ఈ ఉత్తరం చాలదు. పెట్రోమాక్సు లైట్లు, పంపు స్టవ్‌లు, సైకిళ్లు, తాళాలు, ట్రాన్సిస్టర్ రేడియోలు, కళ్లజోళ్ల కాడలు, కుర్చీ కోళ్లు. డబ్బు తీసుకునేవారు కాదని అందరూ చెబుతారు. నిజమే కానీ దానికి మించిన షరతు ఒకటి ఉండేది. వస్తువు ఇచ్చి వెళ్లిపోతానంటే కుదరదు. తెచ్చినవాళ్లు పక్కన కూర్చుని చూడాలి. ఒకసారి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన పాలేరు చేత రేడియో పంపిస్తే, "నీకు నేర్చుకోవాలని ఉంటే కూర్చో, ఆయనకు బాగుచేయించుకోవాలని ఉంటే ఆయన్నే రమ్మను" అని చెప్పారు. పాలేరు కూర్చున్నాడు. పెద్దాయన చాలాకాలం మాస్టారితో మాట్లాడలేదు.

విప్పేటప్పుడు కింద పాత న్యూస్‌పేపరు పరిచేవారు. మొదట తీసిన స్క్రూ ఎడమ చివర, తర్వాత తీసింది దాని పక్కన, అలా కుడివైపుకు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. పేపరు మీద ఒక్కటి కూడా మిగలకూడదు. ఒకసారి ఒకే ఒక్క వాషరు మిగిలింది, గోడ గడియారంలోది. గడియారం నడుస్తూనే ఉంది. "నడుస్తోంది కదండీ" అన్నాను. మళ్లీ మొత్తం విప్పించారు. చీకటి పడింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇరవై ఐదేళ్లకు పైగా పంపుసెట్ మోటార్లు రివైండింగ్ చేసి బతుకుతున్నాను. కాలిపోయిన మోటారు విప్పినప్పుడు పాత చుట్లు లెక్కపెట్టాలి, తీగ గేజి కొలవాలి, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్లిందో రాసుకోవాలి. ఆ తర్వాతే కత్తిరించాలి. తొందరపడి కోసేస్తే ఆ మోటారు తయారు చేసినవాడి లెక్క ఇక ఎవరికీ తెలియదు. మా షాపులో పనికి చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు ఇచ్చేది పాత న్యూస్‌పేపరే.

బడి ముందున్న చేతిపంపు సంగతి చెప్పాలి. అది ఇండియా మార్క్ 2. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే రూపొందిన పంపు. ఎక్కువమంది ఎక్కువసేపు కొట్టినా తట్టుకునేలా చేశారు. దానికి ఉన్న చిక్కల్లా లోపలి సిలిండర్‌లో ఉండే తోలు వాషర్లు అరిగితే వాటిని మార్చడం. అవి అరిగితే ఎంత కొట్టినా నీళ్లు ఎక్కవు. మార్చాలంటే భూమిలోకి దిగిన పైపులన్నీ, ఒక్కొక్కటి మూడు మీటర్లది, పైకి లాగాలి. దానికి మండలం నుంచి మెకానిక్కులు రావాలి. వాళ్లకు ఎన్నో ఊళ్లు. వేసవిలో పంపు ఆగితే రోజులు పట్టేది.

రెండోసారి ఆగినప్పుడు మాస్టారు మెకానిక్కుల పక్కన నిలబడి మొత్తం చూసి, బొమ్మలు గీసుకున్నారు. మూడోసారి ఆగినప్పుడు ఊళ్లో ఆరుగురు మగవాళ్లను, పైపులు లాగే ముక్కాలి కట్టడానికి మూడు సరివి దుంగలను పోగుచేశారు. పై అధికారులకు అర్జీ రాసి, అనుమతి వచ్చాకే పంపు మీద చెయ్యి వేశారు. ఆ అర్జీ మా చేతే రాయించారు, తెలుగు వాచకంలో ఉత్తరాల పాఠం అప్పుడే నడుస్తోంది. పైపులు లాగుతుంటే మేం లెక్కపెట్టాం. ఎన్ని పైపులు, ఒక్కోటి ఎంత పొడవు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి. గుణకారం అక్కడే చేశాం. అరిగిన తోలు వాషరును, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చేతుల మీదుగా తిప్పారు. అంత చిన్న తోలుముక్క కోసం ఊరంతా నీళ్లు లేక కూర్చుందా అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ మాట ఆవిడ చాలా ఏళ్లు చెప్పుకుంది.

ఇంతవరకూ రాసింది చదివితే ఆయన చేసినవన్నీ అందరూ మెచ్చుకున్నారనిపిస్తుంది. అలా జరగలేదు. ఇది మీకు తెలియాలి, ఎందుకంటే పనిగది అంటే మీకూ ఇదే అభ్యంతరం రావచ్చు.

మా తరగతిలో వడ్రంగుల పిల్లాడు ఒకడు ఉండేవాడు. వాడికి రంపం పట్టడం అప్పటికే వచ్చు కాబట్టి చేతిపని పీరియడులో మాస్టారు వాడికే ఎక్కువ పని చెప్పేవారు. ఒకరోజు వాళ్ల నాన్న బడికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "మాస్టారూ, మా పని మాకు వచ్చండి. మా తాతకీ వచ్చు. మాకు రానిది అక్షరం. దానికోసం పంపుతున్నాను, ఇక్కడ కూడా రంపమే ఇస్తే ఇంట్లోనే ఉంచుకుంటాను కదా" అన్నాడు. గొంతు పెంచలేదు.

మాస్టారు జవాబు చెప్పలేదు. ఆ రోజు పాఠం కూడా సరిగా చెప్పలేదు. వార్ధా పథకం రాసినవాళ్లకైనా ఈ మాట ఎవరో ఒకరు ఇంత సూటిగా చెప్పి ఉంటారా అని నేను పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను. చేతిపని గొప్పదని చెప్పడం, ఆ పని చేయక తప్పని బతుకు లేనివాడికి సులువు. చేసి చేసి వీపు వంగినవాడికి, తన పిల్లాడైనా దాన్నుంచి బయటపడాలని ఉంటుంది. మాస్టారు మంచి మనిషే, కానీ ఆ విషయంలో ఆయన అప్పటిదాకా తప్పు చేశారు. ఆ తప్పు ఆయనకు ఆ రోజు తెలిసింది.

వారం తర్వాత మార్పులు మొదలయ్యాయి. వడ్రంగి పిల్లాడికి లెక్కల పుస్తకం, కొలతలు రాసే పని, మరమ్మతుల రిజిస్టరు అప్పగించారు. పనిముట్టు చేత పట్టని ఇళ్ల పిల్లలకు రంపమూ చీపురూ ఇచ్చారు. చదవడం, కూడికలు వెనకబడినవాళ్లకు చేతిపని పీరియడులో కూడా ముందు అవే. ఆ పైన ఒక శనివారం ఆయనే ఆ వడ్రంగి ఇంటికి వెళ్లి, బడికి వచ్చి పిల్లలకు చిత్రిక పట్టడం నేర్పమని అడిగారు. వడ్రంగి వచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నేల మీద కూర్చోబోయాడు. మాస్టారు తన కుర్చీ లాగి అందులో కూర్చోబెట్టి, తను మా మధ్య కింద కూర్చున్నారు. పలక మీద రాసుకున్నారు కూడా. ఆ కుర్చీలో టీచరు కాని మనిషి కూర్చోవడం అప్పటిదాకా ఎవరం చూడలేదు. ఆ పిల్లాడు తర్వాత పాలిటెక్నిక్ చదివాడు. ఇప్పుడు మీ సంఘంలోనే ఉన్నాడు, వాడికి ఇష్టమైతే మిగతాది వాడే చెబుతాడు.

ఆడపిల్లల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. మొదట్లో పనిముట్లు మగపిల్లలకే, ఆడపిల్లలకు ఊడ్చడం, నీళ్లు తేవడం. గచ్చే కిందికి పోయిందని కనిపెట్టిన ఆ పిల్లే, "మాకెందుకివ్వరండీ" అని అడిగింది. రెండు రోజుల తర్వాత రంపం ఆమె చేతికి, చీపురు నా చేతికి వచ్చింది.

ఈ గది ఎలా ఉండాలో నా ఆలోచన రాస్తాను, తప్పులుంటే దిద్దండి.

విద్యాహక్కు చట్టం 2009లో 21వ సెక్షను ప్రకారం మీ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షను ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది మీరే. పనిగదిని ఆ ప్రణాళికలో రాయండి. దాతలు ఇచ్చిన గది అని బయట వదిలేస్తే రేపు పాత కుర్చీలు పడేసే గదిగా మారుతుంది. ప్రణాళికలో ఉంటే దాన్ని గురించి అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు బ్యాగు లేని పది రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు వంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని అందులో రాశారు. మన బడిలో 6, 7 తరగతులున్నాయి. కాబట్టి కొత్తగా ఎవరినీ ఒప్పించనక్కర్లేదు, కాగితం మీద ఉన్నదే అడుగుతున్నాం.

గది పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు చాలు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో పిల్లలు చూడాలి. మూల నుంచి ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు కొలిచి గీట్లు పెడితే, ఆ రెండు గీట్ల మధ్య సరిగ్గా ఐదడుగులు రావాలి. పన్నెండూ పదహారూ ఎందుకన్నానంటే, గది ఎదురు మూలల మధ్య ఇరవై అడుగులు వస్తుంది. అదే లెక్క నాలుగింతలు. గది కట్టకముందే అందులో ఒక పాఠం ఉంటుంది. బల్లకు వైసు, అంటే వస్తువును కదలకుండా పట్టి ఉంచేది, బిగించి ఉండాలి. కరెంటు పని ఏదీ పెద్దవాళ్లు లేకుండా జరగకూడదు. ప్లగ్గు పీకి, పీకిన ప్లగ్గు మాస్టారు తన చేతిలో పట్టుకుని కూర్చునేవారు. ఆ అలవాటు అలాగే ఉండాలి. ఉలి ఎప్పుడూ ఒంటికి అవతలి వైపు నడవాలి. జడలు ముడేసుకోవాలి, పైటలూ చున్నీలూ దోపుకోవాలి.

ఈ భారం ఇప్పటి టీచర్ల మీద వేయకండి. ఒక్కో టీచరు రెండు మూడు తరగతులు చూస్తూ, రిజిస్టర్లూ ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలూ చూసుకుంటున్నారు. వాళ్లను మాస్టారితో పోల్చి మాట్లాడటం నాకు నచ్చదు. నెలలో రెండు శనివారాలు షాపు మూసి నేను వస్తాను. ఇంకో ఇద్దరు పాత విద్యార్థులు చెరొక శనివారం వస్తామన్నారు, ఒకరు సైకిల్ షాపు నడుపుతారు, ఒకరు కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఊళ్లోవాళ్లు పాడైన వస్తువులు తేవచ్చు, ఇచ్చి వెళ్లిపోకూడదు. ఆ షరతు మార్చకండి.

ఫొటో పెట్టాలనుకుంటే లోపల గోడకు పెట్టండి. నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఆయన సైకిల్ తిరగేసి చైను ఎక్కిస్తున్నది. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. చేతులు రెండూ స్పష్టంగా కనబడతాయి.

మాస్టారి పనిముట్ల పెట్టె ఆయన ఆఖరి రోజుల్లో నాకు ఇచ్చారు. అప్పటి నుంచి షాపులో ఉంది. ఒక్కొక్కటి తీసి తుప్పు వదిలించి నూనె రాశాను. సుత్తులు రెండు, ఉలులు నాలుగు, బాడిస, రంపాలు, ఆకురాళ్లు, మూలమట్టం, రసమట్టం, పానాలు, బొగ్గుల్లో పెట్టి వేడిచేసే పాత సోల్డరింగ్ కాడ. గది ఎప్పుడు కడితే అప్పుడు అవి అక్కడికి వస్తాయి. పెట్టె అడుగున రెండు పుస్తకాలున్నాయి. ఒకటి మరమ్మతులది. తేదీ, వస్తువు, ఏం పాడైంది, పక్కన కూర్చున్నది ఎవరు అని నాలుగు గడులు. చివరి గడిలో మీలో చాలామంది పేర్లున్నాయి, మీ అమ్మానాన్నల పేర్లున్నాయి. కొన్నిచోట్ల పేరు బదులు వేలిముద్ర ఉంది.

రెండోది అరువు పుస్తకం. ఎవరు ఏ పనిముట్టు తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అని. తెచ్చి ఇవ్వగానే ఆ వరస కొట్టేసేవారు. మొత్తం తిరగేశాను. ఒక్కటి కొట్టేయలేదు. 1994 మార్చిలో బరమా, చెక్కకు బెజ్జం పెట్టేది, చిన్నది, కొయ్యపిడిది. తీసుకున్నవారి పేరు దగ్గర తడి తగిలి సిరా అలుక్కుపోయింది. ఆయన ఎప్పుడూ అడిగి ఉండరు. ఎవరి అటక మీదైనా, పాత పెట్టెలోనైనా ఉంటే వచ్చే కమిటీ మీటింగుకు తీసుకురండి. పేరు చెప్పనక్కర్లేదు, గుమ్మం పక్కన పెట్టి వెళ్లినా చాలు. పుస్తకం నేను తెస్తాను.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి (1986-91),
మోటారు రివైండింగ్ మెకానిక్